రెండు చోట్ల లైన్ల ఇండ్లు: కోలారు గని నుంచి బాగన్ దాతో కొబ్బరితోటల దాకా

మా ముత్తాత వాళ్ళు ఇద్దరు అన్నదమ్ములు. ఊరు పలమనేరు పక్క పల్లె. పెద్దాయన రెండు రోజులు పడమటికి నడిచి కోలారు బంగారు గనికి వచ్చినాడు. ఆయన వంశం మేము. చిన్నాయన తూర్పుకు పోయి, మద్రాసులో ఓడెక్కి మలయాకు పోయినాడు. ఇంట్లో ఆయన్ను అందరం చిన్నతాత అనే అంటాం. ఇద్దరూ కూలికే పోయినారు. ఇద్దరికీ కంపెనీ వాళ్ళు కట్టిచ్చిన వరస ఇండ్లే దొరికినాయి. వాటిని ఇక్కడా లైన్లనే అన్నారు, అక్కడా లైన్లనే అన్నారు.

2024 ఏప్రిల్‌లో, ఉగాది అయిన వారానికి, మేము ఏడుగురం కలిసి మలేషియా పోయి చిన్నతాత వంశం వాళ్ళను చూసి వచ్చినాం. అంతకు ముందు డిసెంబర్ నుంచి మన దేశం వాళ్ళకు వీసా అక్కర లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది, పిల్లలకు సెలవులు కూడా కలిసొచ్చినాయి. వారం రోజులు వ్యాన్‌లో తిరిగినాం, కడుపునిండా తిన్నాం. తిరిగిన దారి గురించీ, తిన్నదాని గురించీ రాస్తాం. అయితే ఆ దారి చివర ఒక పాత పోస్టు కార్డు దొరికింది. అసలు ఇది దాని కోసమే రాస్తున్నది.

అన్నదమ్ములు ఎందుకు విడిపోయినారు

ఇప్పుడు మనం చిత్తూరు జిల్లా అంటున్నది 1911 దాకా లేదు. పలమనేరు, చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు అప్పుడు నార్త్ ఆర్కాట్ జిల్లాలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న వాటినీ, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడునూ కలిపి చిత్తూరు జిల్లా చేసినారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

1876-78 కరువు మైసూరు సీమనూ రాయలసీమనూ తుడిచి పెట్టింది. దాని తరవాత చెరువు కింద మడి లేనోళ్ళు ఒక్కొక్కరే ఊర్లు వదిలినారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లోకి దిగింది. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. గని లోతుకు పోయే కొద్దీ మనుషులు ఎక్కువ కావలసి వచ్చినారు. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు తెలుగోళ్ళూ, వేలూరు వైపు తమిళోళ్ళూ అట్లా గనికి చేరినారు. మా ముత్తాత చాంపియన్ రీఫ్‌లో దిగినాడు.

అదే కాలంలో మలయాలో రబ్బరు మొదలైంది. రబ్బరు మొక్కలు 1877లో సింగపూరుకు వచ్చినాయి. అక్కడి బొటానిక్ గార్డెన్ డైరెక్టర్ రిడ్లీ చెట్టును చంపకుండా పాలు తీసే పద్ధతి కనిపెట్టినాడు. మోటారు కార్లు వచ్చేసరికి టైర్లకు గిరాకీ పెరిగింది, తోటలు పెరిగినాయి. కూలీల కోసం తోటల వాళ్ళు కంగాణీలను ఊర్లకు పంపేవాళ్ళు. కంగాణీ అంటే తోటలోనే పనిచేసే మేస్త్రీ. సొంత ఊరికి వచ్చి, తన కులం వాళ్ళను, బంధువులను మాట్లాడి తీసుకుపోతాడు. తలకు ఇంత అని అతనికి ముడుతుంది. 1910లో ఒప్పంద కూలీ పద్ధతి రద్దయినాక అంతా కంగాణీ పద్ధతే. ఓడ చార్జీని తోటల నుంచి వసూలు చేసిన ఇమ్మిగ్రేషన్ ఫండ్ భరించేది. ఆ ఫండ్ 1907లో పెట్టినారు.

ఒక కంగాణీ ఒకే ఊరి చుట్టు పక్కల వాళ్ళను తీసుకుపోతాడు కాబట్టి ఒక తోటలో ఒకే భాష వాళ్ళు గుంపుగా ఉండే వీలుండేది. పేరాక్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న బాగన్ దాతో కొబ్బరితోటల్లో తెలుగోళ్ళు అట్లానే నిలదొక్కుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళూ ఉన్నారు, మన చిత్తూరు వైపు వాళ్ళూ ఉన్నారు. చిన్నతాత 1926 ప్రాంతంలో అక్కడికే చేరినాడు.

ఏడు జాబులు

మా దగ్గర చిన్నతాత ఇంటి నుంచి వచ్చిన జాబులు ఏడు ఉన్నాయి. మా తాత వాటిని ఒక రేకు పెట్టెలో గని జీతం చీటీలతో కలిపి పెట్టినాడు. ఏడింటినీ వరసగా పెట్టి చూస్తే వాటి లోపలి విషయం కంటె ముందు లిపి కనిపిస్తుంది.

మొదటి మూడు తెలుగులో ఉన్నాయి. చిన్నతాతకు చదువు రాదు, తోటలో తెలుగు బడి అయ్యవారు రాసిపెట్టినాడు. 1923లో వచ్చిన లేబర్ కోడ్ ప్రకారం, బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో యజమాని బడి పెట్టాల. చాలా చోట్ల అది తమిళ బడి. తెలుగోళ్ళు గుంపుగా ఉన్న కొన్ని తోటల్లో తెలుగు బడి. ఆ కవర్ల మీద ఎఫ్.ఎం.ఎస్. అని ఉంటుంది. అది ఫెడరేటెడ్ మలయ్ స్టేట్స్. పేరాక్, సెలంగోర్, నెగ్రి సెంబిలాన్, పహాంగ్ అనే నాలుగు రాష్ట్రాల కూటమి పేరు.

మొదటి జాబు 1928ది, క్షేమసమాచారం. తరవాత ప్రపంచమంతా మాంద్యం వచ్చింది, రబ్బరు కొబ్బరి ధరలు పడిపోయినాయి, తోటల వాళ్ళు వేలకు వేల మందిని ఓడలెక్కించి వెనక్కు పంపేసినారు. చిన్నతాత కూడా 1931లో ఊరికి వచ్చినాడు. పెండ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టినాడు. 1934లో మళ్ళీ మనుషులను తీసుకుంటున్నారని తెలిసి, పెండ్లాన్ని రెండేండ్ల బిడ్డను తీసుకుని రజుల ఓడలో పోయినాడు. ఆ ఓడ 1926 నుంచి 1973 దాకా మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూరు మధ్య తిరిగింది. మలయాకు పోయిన దక్షిణాది కుటుంబాల్లో ఆ పేరు తెలియని ఇల్లు తక్కువ. రెండో జాబు క్షేమంగా చేరినామని. మూడోది 1937ది, కూతురు పుట్టి రెండేండ్లైందనీ, కూలి చాలడం లేదనీ. ఆ ఏడాదే మలయాలో మన కూలీల పరిస్థితి గురించి శ్రీనివాస శాస్త్రి రిపోర్టు వచ్చింది. మరుసటి ఏడాది మగవాళ్ళ రోజుకూలి 50 సెంట్ల నుంచి 45కు తగ్గించేసరికి, భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం నిలిపేసింది. 1938 నుంచి దారి మూసుకుంది.

నాలుగో జాబు 1946ది. తెలుగే. కానీ రాయించింది చిన్నతాత కాదు, ఆయన భార్య. జపాన్ వాళ్ళు 1943లో ఆయన్ను సయాం రైలు పనికి తీసుకుపోయినారనీ, తిరిగి రాలేదనీ అందులో ఉంది.

అయిదు, ఆరు జాబులు తమిళంలో ఉన్నాయి, 1958, 1970. రాసింది చిన్నతాత కొడుకు. అప్పటికి వాళ్ళు కెడా రాష్ట్రంలో రబ్బరు తోటకు మారినారు, అక్కడ ఉన్నది తమిళ బడి ఒక్కటే. మా లైన్లలో పక్కింటి తమిళ ఆయన చదివి చెప్పేవాడు. 1970 జాబులో ఆయన ఒక మాట అడిగినాడు. 1969 మే అల్లర్ల తరవాత, పౌరసత్వం లేనోళ్ళకు పని చెయ్యాలంటే పర్మిట్ కావాల అన్నారు. ఆయనకు ఉన్నది ఎర్ర కార్డు. అంటే ఉండొచ్చు గానీ పౌరుడు కాదు. భార్యా పిల్లలతో కోలారుకు వచ్చేద్దామా అని అడిగినాడు. మా తాత బదులు రాసినాడని ఇంట్లో చెప్పేవాళ్ళు. అటు నుంచి పదకొండేండ్లు మాట లేదు.

ఏడోది 1981ది, ఇంగ్లీషులో. ఆయన కొడుకు రాసినాడు. కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినాయి, నేను పోయినాను, మా వాళ్ళు కోలారులో ఉన్నారని అక్కడ చెప్పినాను, మీరు ఇంకా అక్కడే ఉన్నారా అని అడిగినాడు. తెలుగు మహాసభల గురించి మాకు వచ్చిన జాబు ఇంగ్లీషులో వచ్చింది!

క్లాంగ్ నుంచి సముద్రం పక్క దారి

ఆ జాబు రాసిన ఆయన మాకు చిన్నాయన అవుతాడు. ఇప్పుడు క్లాంగ్‌లో ఉంటాడు. వ్యాన్ ఆయనదే, తోలింది ఆయనే. మాలాగే వాళ్ళూ ఎడమ పక్కన తోలుతారు.

మొదటి రోజు పొద్దున తిండికి రోటీ చనాయ్ తిన్నాం. మైదా ముద్దను బండ మీద కొట్టి, గాల్లో తిప్పి, గుడ్డలాగా పల్చగా చేసి, మడిచి పెనం మీద వేస్తారు. పక్కన పప్పుచారు లాంటి పప్పు. మా కోలారు పరోటా తమ్ముడే అనిపించింది. తే తారిక్ అంటే లాగిన టీ. ఈ చేతి గ్లాసు నుంచి ఆ చేతి గ్లాసుకు బారెడు ఎత్తు నుంచి పోసి నురగ తెప్పిస్తారు. పిల్లలు టీ తాగడం మాని అది పోసేది చూస్తా నిలబడిపోయినారు.

ఒక తమాషా సంగతి. చిన్నాయనకు తెలుగు అర్థమైతుంది, మాట్లాడ్డం కష్టం. గని ఊర్లో పెరిగిన మాకు తమిళం వస్తుంది. కాబట్టి ఒకే ఇంటి పేరు ఉన్న రెండు తెలుగు కుటుంబాలు దారి పొడుగునా తమిళంలో మాట్లాడుకున్నాం.

బాగన్ దాతోకు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కకుండా, సముద్రం పక్కన 5వ నంబర్ రోడ్డు పట్టినాం. కౌలా సెలంగోర్ దాటినాక సెకించాన్‌లో వరి మడులు మొదలైనాయి. కంటికి ఆనినంత దూరం ఒకే ఎత్తున పచ్చగా, మధ్యలో గీత గీసినట్టు కాలవలు. రాగి చేలు, ఎండిన చెరువులు చూసి పెరిగిన మాకు అంత నీళ్ళు కొత్త. సబాక్ బెర్నామ్‌లో ఆగి పీసాంగ్ గోరెంగ్ కొనుక్కున్నాం. అరటిపండు బజ్జీయే, కానీ తియ్యటిది, పైన పిండి కరకరలాడుతుంది. బెర్నామ్ నది దాటితే సెలంగోర్ అయిపోయి పేరాక్ మొదలు. అక్కడి నుంచి కొబ్బరి చెట్లు, వాటి మధ్య నూనె తాటి చెట్లు. రబ్బరు అయితే దారిలో ఎక్కడో గానీ కనపడలేదు. 1960ల నుంచి ఆ దేశం రబ్బరు నరికి నూనె తాటి పెడతా వచ్చింది.

అవ్వ ఇంట్లో సంకటి

ఇప్పుడు ఊరి పేరు బాగన్ దాతుక్ అని రాస్తున్నారు. పేరాక్ నది సముద్రంలో కలిసే చోటు. చిన్నతాత కూతురు అక్కడే ఉంది, వయసు 89. వరసకు మాకు అవ్వ. అక్కడి తెలుగు ఇంట్లోనే పెండ్లి కావడంతో అన్న కెడాకు పోయినా ఆమె కదల్లేదు.

వాకిట్లో దిగంగానే ఆమె అడిగిన మొదటి మాట: "ఏం నాయనా, కూడు తినినారా?"

మేము బెంగళూరులో గానీ కోలారులో గానీ ఆ మాట విని ఎన్నాళ్ళైందో. మా ఇంట్లో ఇప్పుడు "ఊటం అయిందా" అంటాం. అదైనా తెలుగులో అడిగితే గొప్ప.

మేము రాగి పిండి తీసుకుపోయినాం. అవ్వ దాన్ని వేలితో తాకి వాసన చూసి, "సంకటి కెలుకుదాం" అన్నది. మా పిల్లలకు సంకటి అంటే తెలీలేదు, వాళ్ళకు అది ముద్దె. నిజానికి మాకూ అది ముద్దెనే. పొద్దున తినే దాన్ని ఆమె సద్ది అన్నది, మేము కన్నడంలో లాగా తిండి అంటాం. రోట్లో నూరిన పచ్చడిని ఆమె ఊరిబిండి అన్నది, మేము చట్నీ అంటాం. పలమనేరుకు రెండు రోజుల నడక దూరంలో ఉండి మేము పోగొట్టుకున్న మాటలు సముద్రం అవతల ఆమె నోట్లో ఉన్నాయి. అట్లని ఆమె తెలుగు కలవకుండా ఏమీ లేదు. అంగడి వీధి పాసార్, కష్టం సూసా. "చేపకు పాసార్ పొయ్యేది ఈ కాళ్ళతో సూసా నాయనా" అంటుంది. వాళ్ళ మాటల్లో మలయ్ వచ్చి కూర్చున్న చోట మా మాటల్లో కన్నడం కూర్చుంది.

ఆ మధ్యాన్నం అరిటాకుల్లో సంకటి, కొబ్బరిపాలు పోసి చేసిన రొయ్యల కూర, చింతపులుసు పోసిన చేపల పులుసు, ఎండు రొయ్యల సాంబల్, కాంగ్‌కుంగ్ అనే నీటి ఆకుకూర వేపుడు. కొబ్బరిపాల కూరలో సంకటి ముంచుకుని తినడం మేము ఎప్పుడూ ఎరగం. ఇంటికి వచ్చినాక రెండు సార్లు చేసినాం, ఆ రుచి రాలేదు. అంత తాజా రొయ్య కోలారులో ఎక్కడ!

భోజనం అయినాక అవ్వ జపాన్ వాళ్ళ కాలం చెప్పింది. 1941 డిసెంబర్‌లో వాళ్ళు ఉత్తరాన దిగినారు, రెండు నెలల్లో సింగపూరు దాకా పట్టుకున్నారు. బర్మా నుంచి బియ్యం రావడం ఆగింది. మూడేండ్లు కర్రపెండలమే తిండి. ఇక్కడ మనం మరగెణసు అంటామే, అదే. ఉడకబెట్టి, ఎండబెట్టి పిండి చేసి, ఆకులు కూడా వండుకుని తిన్నారు. ఇప్పటికీ ఆమె ఆ గడ్డను ఇంట్లోకి రానియ్యదు.

1943లో తోటకు లారీ వచ్చింది. మూడు నెలల పని, కూలి, బియ్యం ఇస్తామని చెప్పి మగవాళ్ళను ఎక్కించుకుపోయినారంట. సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు దారి. 1942 నడి నుంచి 1943 అక్టోబర్ దాకా కట్టించినారు. యుద్ధ ఖైదీలు అరవై వేలకు పైగా పని చేసినారు, ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. మలయా తోటల నుంచి పోయిన తమిళోళ్ళు, తెలుగోళ్ళు వాళ్ళలో చాలా మంది. కలరా, మలేరియా, ఆకలి. చచ్చిపోయిన సైనికులకు థాయిలాండ్‌లో కాంచనబురి దగ్గర వరసగా సమాధులు, పేర్లతో రాళ్ళు ఉన్నాయి. సినిమా కూడా తీసినారు. కూలీలు ఖైదీల కంటె చాలా ఎక్కువ మంది చచ్చిపోయినా వాళ్ళకు పేరు రాసిన రాయి లేదు. మా చిన్నతాత పేరు రాసి ఉన్న ఒకే కాగితం 1946 జాబు. అందుకే దాన్ని మేము స్కాన్ చేసి, అసలును ప్లాస్టిక్ కవర్లో పెట్టి పోయినాం. అవ్వకు చదివి వినిపించినాం. ఆమెకు అక్షరాలు రావు. అన్న రెండేండ్లు తెలుగు బడికి పోయినాడు, ఆమె పోయే ఈడుకు యుద్ధం వచ్చింది.

తెలుక్ ఇంతాన్, ఈపో, పినాంగ్

మరుసటి రోజు తెలుక్ ఇంతాన్ పోయినాం. పాత పేరు తెలుక్ ఆన్సన్, జాబుల మీద ఆ ముద్రే ఉంది. ఊరి మధ్యలో 1885లో కట్టిన గోపురం ఒక పక్కకు ఒరిగి ఉంది. బయటి నుంచి ఎనిమిది అంతస్తులు, లోపల మూడే. పైన నీళ్ళ తొట్టి ఉండేది. అక్కడ చీ చోంగ్ ఫన్ తిన్నాం. బియ్యప్పిండి పల్చటి ఆకులు ఆవిరి మీద ఉడికించి, లోపల ఎండు రొయ్యలు పెట్టి చుడతారు. మా పిల్లకు అది మన ఊరి తట్టె ఇడ్లీని కాగితంలాగా చేసినట్టుగా ఉంది.

ఈపోలో ఒక్క పూటే ఉన్నాం, కానీ కోలారోళ్ళకు ఆ ఊరు తొందరగా అర్థమైతుంది. కింతా లోయ తగరం గనులతో ఎదిగిన ఊరు అది. 1985లో తగరం ధర కూలిపోయింది, గనులు మూసినారు. మా గని 2001 ఫిబ్రవరి 28న మూసినారు. అక్కడ గని గుంటలు చెరువులైనాయి, ఇక్కడ సయనైడ్ మట్టి దిబ్బలు మిగిలినాయి. ఈపో కాఫీ, హోటళ్ళతో మళ్ళీ లేచింది. మన ఊర్లో పొద్దున రైళ్ళ నిండా బెంగళూరు పనికి పోయేవాళ్ళు. వైట్ కాఫీ తాగుతా మా నాయన చాలా సేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్ వే మీద పినాంగ్. 13.5 కిలోమీటర్ల వంతెన ఎక్కితే పక్కన జెరెజాక్ అనే చిన్న దీవి కనిపిస్తుంది. ఓడ దిగిన కూలీలను ఊర్లోకి వదలకుండా ముందు అక్కడ క్వారంటైన్‌లో పెట్టేవాళ్ళు. మన దేశం నుంచి వచ్చిన ఎంతో మంది మలయాలో మొదట కాలు పెట్టింది ఆ దీవిలోనే. ఇప్పుడు అది చూస్తా సెల్ఫీలు తీసుకుంటున్నారు, మేమూ తీసుకున్నాం.

పినాంగ్‌లో నాసి కందార్ తినకుండా రాకూడదు. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లిములు కావడికి ఒక పక్క అన్నం, ఇంకో పక్క కూరలు కట్టుకుని రేవులో కూలీలకు అమ్మేవాళ్ళు. ఇప్పుడు కావడి పోయి అంగడి వచ్చింది. అన్నం మీద నాలుగైదు రకాల పులుసులు కలగలిపి పోస్తారు, ఆ కలిసిందే రుచి. పక్క వీధిలో 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు. కెలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చిందని చెబుతారు. ఒకప్పుడు దక్షిణ భారతం నుంచి వచ్చిన అందరినీ మలయ్ వాళ్ళు ఆ పేరుతో పిలిచినారు, ఇప్పుడు అది తిట్టు. మన సముద్రం ఒడ్డు పేరు అక్కడ మొదట గౌరవంగా ఉండి తరవాత తిట్టుగా మారింది.

సుంగాయ్ పటానీలో కార్డు

చివరి మజిలీ కెడాలో సుంగాయ్ పటానీ. చిన్నాయన వాళ్ళ అక్క, అంటే మా అత్త, అక్కడ ఉంది. వాళ్ళ నాయన, 1970లో మాకు తమిళంలో జాబు రాసినాయన, చివరి దాకా ఆమె దగ్గరే ఉన్నాడు. ఆయన సామాన్లు ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టింది. తోట పాస్ పుస్తకం, ఎర్ర కార్డు, తరవాత వచ్చిన నీలం కార్డు, ఒక పోస్టు కార్డు. కార్డు తెలుగులో ఉంది. "మా నాయన దీన్ని పారెయ్యనియ్యలేదు. ఎవరికీ చదవడం రాదు" అని అత్త తమిళంలో చెప్పింది.

అది మా తాత చేతిరాత. 1970 నవంబర్ ముద్ర. చదివినాం. గనిలో పని దొరకడం కష్టమే, కానీ ఇంట్లో మూడో గది ఖాళీ చేయించినాను, మీరు వచ్చెయ్యండి, ఉన్నదాంట్లో తిందాం అని ఉంది. ఏ రైల్లో బంగారుపేటలో దిగాలో కూడా రాసినాడు.

అత్త చాలా సేపు ఆ కార్డు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆమె చెప్పింది ఇది. అప్పుడు కార్డు వచ్చినప్పుడు తోటలో తెలుగు వచ్చినోళ్ళు ఒక్కరు లేరు. చెల్లెలు బాగన్ దాతోలో ఉంది, ఆమెకూ చదువు రాదు. తమిళంలో రాయకుండా తెలుగులో రాసినారంటే రావద్దనే అర్థమేమో అనుకున్నాడంట ఆయన. మా తాత మాత్రం ఇంటి విషయం పక్కింటాయనతో తమిళంలో రాయించడం ఇష్టం లేక, తనకు వచ్చిన అక్షరాల్లో తనే రాసినాడు. ఇటు వీళ్ళు రాలేదని కోపం, అటు వద్దన్నారని బాధ. పదకొండేండ్లు. 1981లో కొడుకు ఇంగ్లీషులో రాసేదాకా.

వచ్చి ఉంటే బాగుండేదని మేము అనడం లేదు. వాళ్ళకు తరవాత పౌరసత్వం వచ్చింది, పిల్లలు చదువుకున్నారు. ఇక్కడికి వస్తే గని మూతలో వాళ్ళూ పడి ఉండేవాళ్ళేమో. కానీ అది వాళ్ళు తెలిసి తేల్చుకోవలసిన విషయం. అక్షరం రాకపోవడం వల్ల తేలిపోయింది.

ఆ రాత్రి అత్త ఓళిగలు చేసింది. పూర్ణంలో బెల్లానికి బదులు తాటిబెల్లం, గులా మెలాకా. నల్లగా, పొగ వాసనతో. పన్నెండు మందిమి తిన్నాం.

లిపి ఎక్కడ పోయింది

వచ్చినాక ఈ విషయం మేము చాలా మాట్లాడుకున్నాం. మలేషియాలో తెలుగు తగ్గిపోవడానికి దూరం కారణం అనుకునేవాళ్ళం. అవ్వను చూసినాక అది కాదని తెలిసింది. మాట నిలిచింది ఒకే తోటలో, ఒకే వరస ఇండ్లలో తెలుగోళ్ళు గుంపుగా ఉన్న చోట. లిపి నిలిచింది బడి ఉన్నన్నాళ్ళు. యుద్ధం బడిని మూసింది. స్వాతంత్ర్యం వచ్చినాక, 1957 తరవాత, దొరల తోటలు ముక్కలు ముక్కలుగా అమ్ముడు పోయినాయి, మనుషులు చెదిరినారు. తమిళ బడులకు ప్రభుత్వ వ్యవస్థలో చోటు దొరికింది, తెలుగు బడులు నిలవలేదు. 1950లలో మొదలైన ఆంధ్ర సంఘం, ఇప్పటి మలేషియా తెలుగు సంఘం, పిల్లలకు తెలుగు తరగతులు పెడతా ఉంది. అత్త మనవరాలు అట్లాంటి తరగతికి పోతుంది. బడి చేయవలసిన పనిని వాళ్ళు వారానికి ఒక పూటలో చేస్తున్నారు.

పైగా కాగితం మీద మనం తెలుగోళ్ళం కావడమే కష్టం. పలమనేరు నార్త్ ఆర్కాట్‌లో ఉన్న రోజుల్లో పుట్టినోళ్ళు ఊరు అడిగితే నార్త్ ఆర్కాట్ అనే చెప్పినారు. నార్త్ ఆర్కాట్ అంటే తమిళోళ్ళు అని గుమాస్తా రాసుకున్నాడు. అత్త వాళ్ళ నాయన తోట పాస్ పుస్తకంలో జాతి గడిలో తమిళ్ అని ఉంది. జిల్లా గీత 1911లో మారింది, పుస్తకంలో మాట మారలేదు.

మా సంగతి ఏమీ గొప్పగా లేదు. మేము కన్నడ మీడియంలో చదివినాం. తెలుగు అక్షరాలు తాత సాయంత్రం పూట నేర్పించినాడు. కన్నడ అక్షరాలు వచ్చినోడికి తెలుగు పది రోజుల పని, తలకట్టు ఒకటి సరి చేసుకుంటే చాలు అనేవాడు. ఆ పది రోజులే సుంగాయ్ పటానీలో కార్డు చదివించినాయి. మా పిల్లలకు ఇంగ్లీషు బాగా వచ్చు, కన్నడ చదువుతారు, తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అంటే మా ఇంట్లో రేకు పెట్టె మా తరం తరవాత ఇంకో బిస్కెట్ డబ్బా అవుతుంది. దాన్నీ ఎవరూ పారెయ్యరు, ఎవరూ చదవరు.

అందుకే జూన్ నుంచి ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో రెండు ఇండ్ల పిల్లలు, ఇక్కడ నలుగురు అక్కడ ఇద్దరు, తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. పుస్తకం ఏదీ పెట్టలేదు. మొదటి పాఠం తాత కార్డే. అందులో ఉన్న మాటలే చదువుతారు: గది, రైలు, బంగారుపేట, ఉన్నదాంట్లో తిందాం.

కోలారు, బంగారుపేట, కుప్పం, పలమనేరు వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక మాట. మీ ఇండ్లల్లో ఎఫ్.ఎం.ఎస్. అనో, పేరాక్ అనో, కెడా అనో ముద్ర ఉన్న కవర్లు ఉంటే, ముందు ఫోటో తీసి పెట్టండి, తరవాత అవి ఏ లిపిలో ఉన్నాయో చూడండి. తమిళమైతే వచ్చినోళ్ళతో చదివించుకోండి. బదులు రాయవలసి వస్తే వాళ్ళకు ఏ లిపి వచ్చునో ముందు కనుక్కుని, ఆ లిపిలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండూ రాయండి.